పైన కప్పకు

కోలియస్ విత్తనం ముందు
ఆవగింజ గుమ్మడికాయ.
పొట్లం మడత విప్పి, ఊపిరి బిగబట్టి
అరచేతిలో వేసుకుంటే
చేతి గీతల్లో పడి కనిపించకుండా పోయింది.

మొదటిసారి అందరిలాగే చేశాను.
విత్తనం కదా అని మట్టి కప్పాను,
చేత్తో అదిమాను, చెంబుతో నీళ్ళు పోశాను.
ఇరవై రోజులు మట్టిని చూస్తూ కూర్చున్నాను.
మట్టి నన్ను చూసింది.

రెండోసారి మొలిచాయి.
పొద్దున లేచేసరికి
మొదళ్ళు నల్లగా కుళ్ళి, నడుములు విరిగి పడుకున్నాయి.
తడి ఎక్కువైందట.

పొందూరులో నా పని నూలు తూచడం.
శనివారం శనివారం సంఘం మెట్ల మీద
ఆడవాళ్ళు చిలపలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు.
తక్కెడ నాది, చిట్టా నాది.
ఒక్క మాట అనకుండా నా వేలికేసే చూస్తారు.
ఆ వరసలో చివర సూరీడమ్మ.
వాలుగ చేప దవడతో పత్తి ఏకి ఏకి
బొటనవేలి కొన అద్దంలా నున్నబడిపోయిన మనిషి.

పొట్లం చూపించాను.
చూడలేదు, తడిమింది.
"పత్తిలో నలక కన్నా సన్నం.
దీని మీద బరువెందుకేసినావే గుంటా?
పైన కప్పకు. ఎలుతురు సూడనీ.
ఎండ తగలనీకు."

వెలుతురు వేరు, ఎండ వేరు.
ముప్పై రెండేళ్ళొచ్చాక
ఒకరు చెబితే తెలిసింది.

వాళ్ళ ఇంటి ఉత్తరపు అరుగు,
రేకుల చూరు కింద, రాట్నం పక్కన.
పాత బిస్కట్ల డబ్బా మూతకి మేకుతో చిల్లులు.
పిండి జల్లెడలో జల్లించిన కొబ్బరి పొట్టు, ఇసక.
విత్తనాన్ని ఆమె చల్లలేదు.
చిటికెడు పొడి ఇసకలో కలిపి
దారం తీసినట్టు
చెయ్యి వెనక్కి లాగుతూ వదిలింది.
నీళ్ళు పైనుంచి కాదు,
పళ్ళెంలో పోసి మూతని అందులో కూర్చోబెట్టింది.
"దాహమేస్తే అదే తాగుద్ది."

పన్నెండో రోజు
పచ్చ. అంతా పచ్చ.
పొట్లం మీద బొమ్మలోని ఎరుపేదీ, ఊదా ఏదీ?
గోరింటాకూ పచ్చగానే ఉంటాది కదే అంటుందేమోనని చూశాను.
ఏమీ అనలేదు. రాట్నం తిప్పుకుంది.

ఆ పచ్చలో ఒక్కటే తెల్లగా వచ్చింది.
కాడ తెలుపు, ఆకు తెలుపు,
నలక లేని వంద నంబరు నూలులాగా.
ఇదే బాగుంది అన్నాను.
మిగతావి మరిచిపోయి దాని దగ్గరే కూర్చున్నాను.
తొమ్మిది రోజులుంది.
పచ్చ లేని ఆకు తన అన్నం తాను వండుకోలేదు,
తల్లి గింజలో కట్టిపెట్టిన చద్ది అయ్యేదాకా ఉంటుంది, అంతే.
యాభై ఏళ్ళు తెల్లదారం తప్ప వేరే రంగు తియ్యని మనిషి
దాన్ని ఎక్కడ పారేసిందో నాకు చెప్పలేదు.

వేరే కుండీల్లోకి మార్చిన రోజు
గూట్లోంచి పళ్ళరిగిన పాత దవడ తీసింది.
వేలు తగిలితే తెగే వేరు
ఆ చేప పళ్ళ మధ్య నుంచి
మట్టితో సహా లేచి వచ్చింది.

మూడో జత ఆకుల్లో మొదలైంది.
ఒకదానికి ఈనెల వెంట కుంకుమ పాకింది.
ఒకదానికి అంచు మాత్రం నిమ్మపండు.
వంకాయ తొక్కు ఒకటి, కాలిన ఇటుక ఒకటి,
కిళ్ళీ నములుతూ ఎవరో తుమ్మినట్టు చుక్కలు ఒకదానికి.
ఒకే పొట్లం, ఒకే మూత.
ఏ రెండూ ఒక తల్లి పిల్లల్లా లేవు.
ఎండకి జరిపితే రెండు రోజుల్లో వెలిసిపోయాయి,
మళ్ళీ నీడకి తెచ్చుకున్నాం.
కొసలు తుంచితే గుబురవుతాయని
సాయంత్రాలు ఇద్దరం కూర్చుని తుంచాం.

ఈ శనివారం సూరీడమ్మ చిలప తక్కెడలో వేశాను.
పోగుల మధ్య కందిబద్దంత ఊదా మరక.
మరక పడితే ధర కోత,
గోడ మీద ఆ ముక్క రాసింది నేనే.
బరువు రాశాను.
మరక గడి దగ్గర కలం ఆగింది.
ఆమె ఎప్పటిలాగే నా వేలికేసే చూస్తోంది.
నా గోటి కింద కూడా
అదే రంగు.